జాబ్ కార్డు సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. ఉపాధి హామీ చట్టమనే ఈ సూత్రం 2005లో పార్లమెంటులో పుట్టి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పలుగూ పారా పట్టుకుంది. తొలివిడత 200 జిల్లాల్లో ఒడిశాలోని కొరాపుట్, రాయగడ రెండూ ఉన్నాయి. కనుక అక్కడి నారాయణపట్న కొండల్లో దీనికి ఆదినుంచీ శ్రోతలున్నారు. 1936 దాకా ఈ సీమ మదరాసు రాజధానిలోని విశాఖపట్నం ఏజెన్సీయే గనుక తెలుగులో టీక రాయడానికి ఒరియా పండితుల అనుమతి అడగలేదు.

మూలం. పల్లెఁ గాపురముండి, పదునెనిమిదేండ్లు నిండి, ఒడలు వంప నొప్పుకొను వారి యింటికి ఏఁట నూఱు దినముల పని. అడిగిన పదునేను దినములలో నీయనిచో భృతి.

ప్రతిపదార్థం. ఇంటికి = నెత్తురు, పెళ్లి, దత్తత వీటిలో ఏదో ఒకదానితో ముడిపడి, కలిసి ఉండి కలిసి తినేవారికి; లేదా ఒకే రేషన్ కార్డులో ఇమిడినవారికి. నూఱు దినముల = తలకు కాదు, ఇంటికి అని అన్వయం. ఆలుమగలు, కొడుకు, కోడలు నలుగురూ గునపం పడితే ఇరవై అయిదు రోజులకే ఏడాది తీరిపోతుంది. మిగిలిన నెలలు కేరళ వలస రైలుకు వదిలేయాలి. ఒడలు వంప నొప్పుకొను = నైపుణ్యం అక్కర్లేని కాయకష్టానికి సరేనన్న. ఇక్కడ చదువు, కులం, ఆదాయం ప్రస్తావన లేదని గ్రహించాలి. పేదవాడినని నిరూపించుకోవాలన్న షరతు కూడా లేదు.

శంక. ఎన్నాళ్లుగా పని లేదో సూత్రకారుడు అడగలేదేమి?

సమాధానం. అంతర్జాతీయ లెక్కల్లో ఏడాదిపాటు పని వెతికీ దొరకనివాడే దీర్ఘకాలిక నిరుద్యోగి. ఆ కొలతకు మన కోందు ఆదివాసీ రైతు ఏ జన్మకూ అందడు. వానల్లో పోడు, కోతల్లో కూలి, ఎండల్లో చింతపండు అంటూ ఏడాదిలో ఏదో ఒక మూల అతని చేతికి మట్టి అంటుతూనే ఉంటుంది. పనిలేని నెలలు ఆ మధ్యమధ్య ఇరుక్కుని ఉంటాయి. సూత్రకారుడికి ఈ సంగతి తెలుసు. నిన్న ఏం చేశావని అడగకుండా రేపు పనికి వస్తావా అని అడిగి ఊరుకున్నాడు. ఈ చట్టం మొత్తంలో నాకు ఇంతకన్నా రసవత్తరమైన ఘట్టం కనబడదు.

అయితే మూలం ఇంత పొట్టిగా ఉంటే వ్యాఖ్యాతల చేయి ఊరుకోదు. మెదకు సీమవాడైన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని కట్టుబడ్డాడు. సర్క్యులర్లు రాసే అభినవ సూరులకు అలాంటి వ్రతాలు లేవు. 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే వేయాలన్నారు, రోజుకు రెండు ఫోటోలతో సహా. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ ముడిపడిన ఖాతాలోనే పడాలన్నారు. ఒప్పుకున్న మనిషే అర్హుడని మూలం. సిగ్నల్ అందిన కొండమీద, కార్డులోనూ ఆధార్‌లోనూ ఒకే పేరు ఒకే తీరున ఉన్న మనిషే అర్హుడని టీక. చెరువు తవ్వింది చేతులే అయినా సాక్ష్యం సెల్ టవర్ చెప్పాలి.

ఇక పదునేను దినములలో = దరఖాస్తు ఇచ్చిన తేదీ నుంచి పదిహేను రోజుల్లోగా. గూఢార్థం అంతా ఇక్కడే ఉంది. గడువు దాటితే నిరుద్యోగ భృతి రావాలి. మొదటి ముప్పై రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆపైన కనీసం సగం. ఈ సూత్రం ప్రకారం మట్టిపని కూలి కేంద్రం ఇస్తుంది. భృతి మాత్రం రాష్ట్రమే తన పెట్టెలోంచి తీయాలి. అంటే అడిగినట్టు రుజువున్న ప్రతి కూలీ రాష్ట్ర ఖజానాకు పొంచి ఉన్న ఖర్చే. తేదీ వేసిన రసీదు ఇమ్మని చట్టం చెప్పినా, రసీదు పుస్తకం చాలాచోట్ల ఎందుకు దొరకదో ఇప్పుడు బోధపడుతుంది. “పని పడితే కబురు చేస్తాంలే, వెళ్లు” అన్న నోటిమాటకు తేదీ ఉండదు. తేదీ లేనిదే పదిహేను రోజులు మొదలుకావు, మొదలుకానిది దాటదు, దాటనిదే భృతి లేదు. తర్కశాస్త్రం చదివినవాళ్లు కూడా ఇక్కడ చేతులు జోడించాలి.

తాత్పర్యం. రసీదు తీసుకో.

విశేషం. 2025-26లో రోజుకూలి ఒడిశాలో 273 రూపాయలు, ఆంధ్రలో 307. కొండ అదే, రాయి అదే. ఆంధ్రలోని పార్వతీపురం మన్యం వైపు తవ్వితే ఆ ఏడాది 34 రూపాయలు ఎక్కువ. జంఝావతి నది ఇటు పుట్టి అటు పారుతుంది. జాబ్ కార్డు మాత్రం సొంత పంచాయతీ గట్టు దాటదు. పోయి అక్కడే కూలిచేస్తానంటే రైతు పొలంలో చేసుకోవచ్చు, మస్టర్‌లో పేరెక్కదు.

పాఠాంతరం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంలో నూఱుకు బదులు నూట పాతిక అని ఉంది. లెక్క పెరిగిందని సంతోషించేలోగా కింద మరో పంక్తి: నాట్లు కోతల వేళ మొత్తం 60 రోజుల దాకా పని ఆపే కాలాన్ని రాష్ట్రం ముందుగా ప్రకటించాలి. ఖర్చులోనూ చాలా రాష్ట్రాలకు నలభై శాతం వాటా వచ్చింది. మైదానంలో రైతుకు కూలీలు దొరకాలని ఆ పని ఆపే పంక్తి చేర్చారట. కొండమీద నాట్ల కాలమూ పోడు కాలమూ ఒకటి కాదు మరి. ఆ అరవై రోజుల్లో ఎవరైనా దరఖాస్తు పెడితే పదిహేను రోజుల లెక్క నడుస్తుందా, నిలుస్తుందా అన్నది తర్వాతి టీకాకారులు తేల్చుకోవలసిన చిక్కు.