టైరుకు దిక్కెవరు?

కారున్న వాళ్లను ఎవరినైనా అడగండి, "ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ, ఇంకేం భయం" అంటారు. ఆ ఫుల్‌లో టైరు ఉందా అని అడగండి. అద్దం పగిలితే క్లెయిము పెట్టడం లాభమా నష్టమా అని అడగండి. జవాబు రాదు. తప్పు వాళ్లది కాదు, పాలసీ అమ్మినప్పుడు ఆ రెండు ముక్కలూ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ మనిషి ఉంటేగా! కారు కొన్న రోజున షోరూములో తాళాలతో పాటు ఒక కాగితాల కట్ట చేతిలో పెడతారు. ఆ తర్వాత ఏటా ఫోనుకు ఒక లింకు వస్తుంది. నొక్కితే డబ్బు పోతుంది, పాలసీ వస్తుంది. నా కోపమంతా ఈ పద్ధతి మీదే.

మా రోజుల్లో విజయవాడలో కారున్న ఇళ్లే తక్కువ. ఉంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్టు. జీవిత బీమా పక్కన పెడితే ఇన్సూరెన్సు కంపెనీలు నాలుగే. వందకు పైగా ఉన్న కంపెనీలను 1973లో ప్రభుత్వం కలిపేసి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అని నాలుగు చేసింది. మోటారు బీమాకు రేటు అందరిదీ ఒకటే, టారిఫ్ పుస్తకంలో ఉన్నదే రేటు. రూపాయి తగ్గించి పాలసీ లాక్కోవడానికి లేదు. కాబట్టి ఏజెంటు మా చేత కట్టించాలంటే మంచీ చెడ్డా విప్పి చెప్పాలి, కష్టమొచ్చినప్పుడు కనపడాలి. ఈ కాలం వాళ్లకు ఆ సంగతి తెలియదు. అప్పట్లో పోటీ లేదంటారు. పోటీ ఉంది, ధరలో కాదు, మాటలో.

మా ఏజెంటు గారు రెన్యువల్‌కు ఇంటికి వచ్చేవారు. కాఫీ తాగి, రసీదు పుస్తకం తీసే ముందే చెప్పేవారు. "అన్నగారూ, మళ్లీ చెప్తున్నా, టైరు ఒక్కటే పోతే కంపెనీ పైసా ఇవ్వదు. బండికి దెబ్బ తగిలి దాంతో పాటు టైరు కూడా పోతే సగం ఇస్తుంది. రబ్బరు ఏదైనా సగమే. అద్దానికి మాత్రం తరుగు కొయ్యరు." ఏటా ఇదే పాఠం. వినీ వినీ మా ఇంట్లో ఆడవాళ్లకు కూడా కంఠతా వచ్చేసింది.

ఆయన చెప్పిన రూలు ఈనాటికీ మారలేదు, చిత్రం అదే. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో అదే ఉంది. 2007లో సొంత బండి దెబ్బకు కట్టే బీమా రేట్లు వదిలేశారు, ఎవరికి తోచిన ప్రీమియం వాళ్లు పెట్టుకోమన్నారు. కానీ పాలసీలో రాసిన షరతులు దాదాపు అవే. రబ్బరు, ప్లాస్టిక్, టైరు, ట్యూబు, బ్యాటరీకి సగం కోత. ఫైబరు భాగాలకు 30 శాతం. ఇనుప సామానుకు బండి వయసును బట్టి, పదేళ్లు దాటితే సగం దాకా. అద్దానికి సున్నా. రూలు అలాగే ఉంది. చెప్పే మనిషే లేకుండా పోయాడు.

అద్దం సంగతి చెప్తాను. అంబాసిడరు ముందద్దం పగిలితే ఆటోనగర్ తీసుకెళ్లేవాళ్లం. మేస్త్రీ పాత బీడింగు ఊడదీసి, ఫ్రేములో ఇరుక్కున్న గాజు ముక్కలన్నీ కుంచెతో దులిపి, కొత్త అద్దం చుట్టూ రబ్బరు బీడింగు తొడిగేవాడు. బీడింగు లోపలి గాడిలో సన్నటి తాడు చుట్టూ పరిచి, రెండు కొసలూ కింద మధ్యకు తెచ్చి కారు లోపలికి వదిలేవాడు. సబ్బునీళ్లు రాసి అద్దాన్ని బయటి నుంచి ఫ్రేముకు ఆనించేవాడు. బయట కుర్రాడు అరచేతులతో అదుముతూ ఉంటే, లోపల మేస్త్రీ సీట్లో మోకాళ్ల మీద కూర్చుని తాడు కొస మెల్లగా లాగేవాడు. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు అంచు ఫ్రేము మీదికి ఎక్కి కూర్చునేది. తాడు మొత్తం చేతికి వచ్చేసరికి అద్దం బిగిసిపోయేది. తొందరపడితే బీడింగు చిరుగుతుంది, గట్టిగా అదిమితే అద్దం పోతుంది. ఇద్దరి చేతులూ ఒక్క లయలో నడవాలి. అలా నడిచిన చేతులను నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు ఎందరు మిగిలారో!

నిజం నిజమే చెప్పాలి. ఆనాటి ముందద్దం రాయి తగిలితే ఒక్కసారిగా తెల్లటి గుళ్లుగా పగిలి, ఎదురుగా ఏమీ కనపడకుండా చేసేది. ఆ క్షణంలో లారీ ఎదురొస్తే ఇక అంతే. తర్వాత రెండు గాజు పలకల మధ్య పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం వచ్చింది. రాయి తగిలితే నెర్ర పడుతుంది తప్ప రాలదు. అది ఎన్నో ప్రాణాలు కాచిన మార్పు. క్లెయిము చెక్కు కోసం మేం నెలల తరబడి డివిజనల్ ఆఫీసు చుట్టూ తిరిగిన మాటా నిజమే. ఇప్పుడు ఫోటోలు పంపితే డబ్బు గ్యారేజీకే వెళ్తుంది. వీటిని నేను కాదనను.

కానీ ఇప్పటి అద్దానికి బీడింగు లేదు, తాడు లేదు. జిగురు పెట్టి బాడీకి అతికిస్తారు, అది ఆరేదాకా బండి కదపకూడదు. కొన్ని బండ్లలో అద్దం వెనకాల కెమెరాలు, వాన సెన్సార్లు. అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ సరిచేయాలి, దానికి వేరే బిల్లు. ఖర్చు ఎంత పెరిగినా అద్దానికి తరుగు లేదు కదా, బీమా ఇస్తుంది కదా అనుకుంటారు. ఇస్తుంది. ముందు 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు, అంతకు మించితే 2000 మినహాయిస్తారు. జిగురులాంటివి కన్స్యూమబుల్స్, అంటే ఒకసారి వాడితే అయిపోయే సామాను కింద పడితే, దానికి విడిగా డబ్బు కట్టి తీసుకునే యాడ్ఆన్ లేనివాడికి రావు. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. అది నో క్లెయిమ్ బోనస్.

ఏ క్లెయిమూ లేకుండా ఒక ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి దెబ్బకు కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. ఒక్క క్లెయిము పెడితే మొత్తం సున్నా. లెక్క చూడండి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకోండి. సగం బోనస్ ఉంది కాబట్టి 6,000 కడుతున్నారు. అద్దం 7,000 అయింది, మినహాయింపు పోను కంపెనీ 6,000 ఇచ్చింది. బోనస్ పోయింది కనుక వచ్చే ఏడాది 12,000 కట్టాలి. ఆ పైన వరసగా 9,600, 9,000, 7,800, 6,600. ప్రీమియం మారదనుకుంటే, మళ్లీ 6,000కు దిగేలోపు మీరు అదనంగా కట్టింది 15,000. ఆరువేలు తీసుకుని పదిహేను వేలు వదులుకున్నారు. ఇది మా ఏజెంటు గారైతే కాగితం మీద వేసి చూపించి, "ఈ అద్దం చేతి డబ్బుతో వేయించుకోండి అన్నగారూ, పెద్ద దెబ్బ తగిలినప్పుడు చూద్దాం" అని చెప్పేవారు. ఈనాడు హెల్ప్‌లైన్‌లో ఉన్న పిల్ల "క్లెయిమ్ రిజిస్టర్ చేయమంటారా సార్" అని అడుగుతుంది. బోనస్ పోతుందని తనంతట చెప్పదు. ఆ అమ్మాయిని ఏమీ అనలేం, ఎదురుగా తెర మీద ఉన్నది చదవమన్నారు, చదువుతుంది.

చిన్న గాటు అయితే అద్దం మార్చనక్కర్లేదు కూడా. గాటులోకి రెజిన్ ఎక్కించి మూసేస్తారు. కొన్ని కంపెనీలు అలాంటి రిపేరును బోనస్‌కు అడ్డురానివ్వవు. గాటు పాకి నెర్రగా మారక ముందే వెళ్లాలి. ఈ మాట ఎంతమందికి తెలుసు?

ఇక టైరు. మా అల్లుడి కారు హైదరాబాద్‌లో వానల్లో ఒక గుంటలో పడింది. నీళ్లు నిండి ఉన్నాయి, గుంట కనపడలేదు. మర్నాడు చూస్తే టైరు పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు. లోపల దారాల అల్లిక తెగితే, ఆ తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది, అదే ఉబ్బు. దానికి రిపేరు లేదు. ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, టైరు మార్చాల్సిందే. అంబాసిడరుకు పక్కగోడ ఎత్తుగా ఉండేది, గుంట దెబ్బ అందులోనే అణిగిపోయేది. ఇప్పటి కార్లకు అందం కోసం పెద్ద రిమ్ము, సన్నటి పక్కగోడ. గుంట అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగిపోతుంది.

అతను మొదట కారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాడు, బండి వారంటీలోనే ఉంది మరి. "టైరు మా వారంటీలోకి రాదు సార్, టైరు కంపెనీ చూసుకుంటుంది" అన్నారు. టైర్ల షాపుకు వెళ్తే కంపెనీ మనిషి వచ్చి టైరు విప్పి లోపల టార్చి వేసి చూశాడు. "ఇది దెబ్బ తగిలి వచ్చింది సార్, తయారీ లోపం కాదు. లోపమైతే అరిగినంత మేరకు తీసేసి మిగతాది ఇచ్చేవాళ్లం" అన్నాడు. ఇన్సూరెన్సుకు ఫోన్ చేస్తే, "బండికి ఇంకేమైనా దెబ్బ తగిలిందా సార్? లేదా? అయితే టైరు ఒక్కటే కవర్ అవ్వదు" అన్నారు. ముగ్గురూ రూలు ప్రకారమే మాట్లాడారు. మూడు రూళ్ల మధ్య టైరు డబ్బు అతని జేబులోంచే పోయింది. గుంటను అలా వదిలేసిన వాళ్లను అడిగేవాళ్లే లేరు.

"మామయ్యా, నాది బంపర్ టు బంపర్ పాలసీ, అయినా రాలేదు" అన్నాడు. రెండు బంపర్ల మధ్యనే కదా టైరు ఉండేది! జీరో డెప్ పాలసీకి ఆ పేరు పెట్టి అమ్ముతున్నారు. తరుగు కొయ్యకపోవడం వరకే దాని పని. చాలా కంపెనీలు టైర్లను అందులోంచి కూడా తీసేస్తాయి. టైరుకు వేరే యాడ్ఆన్ ఉంది. ఉబ్బుకు, కోతకు, పేలుడుకు అది ఇస్తుంది, అదీ గాడి ఎంత లోతు మిగిలిందో కొలిచి ఆ మేరకే. మామూలు పంక్చరుకు, అరుగుదలకు ఇవ్వదు. గుంతల రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకు, ఖరీదైన టైర్లున్న వాళ్లకు అది తీసుకోవడం మంచిదే అంటాను. కానీ ఆ పేరు మా అల్లుడు మొదటిసారి విన్నది టైరు పోయాక.

మా రోజుల్లో టైరు కోసం ఎవరినీ దేబిరించలేదు, దాన్ని బతికించుకునేవాళ్లం. పంక్చరైతే ట్యూబు నీళ్లలో ముంచి బుడగ వచ్చిన చోట ప్యాచీ. గాడులు అరిగితే రీట్రెడింగు. డిక్కీలో నాలుగు చక్రాలకు దీటైన స్టెప్నీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు అదీ పోతోంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా ఫరవాలేదని 2020లో ప్రభుత్వమే అంది. పక్కగోడ తెగితే ఆ కిట్టు ఎందుకు పనికొస్తుంది? రాత్రిపూట విజయవాడ హైవే మీద పిల్లలతో ఆగిపోయిన వాళ్లను అడిగితే తెలుస్తుంది స్టెప్నీ విలువ.

బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్లకు నా మనవి ఒకటే. ప్రతి కారు పాలసీ మొదటి పేజీలో, పెద్దక్షరాలతో, తెలుగులో మూడు మాటలు వేయించండి. టైరు ఒక్కటే పోతే రాదు. అద్దానికి తరుగు లేదు. క్లెయిము పెడితే బోనస్ పోవచ్చు. మా ఏజెంటు గారు అరుగు మీద కూర్చుని చెప్పింది అంతే.

అది జరిగేదాకా, చదువుతున్న మీరు రెన్యువల్ లింకు నొక్కే ముందు కంపెనీకి ఫోన్ చేసి ఈ మూడూ అడగండి, జవాబు మెయిల్‌లో పంపమనండి. టైరు కొంటే బిల్లు దాచండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, పాత సరుకు అంటగడుతున్నారేమో అక్కడే తెలిసిపోతుంది. రావలసిన క్లెయిము కాదంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాది దాటక ముందే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఆంధ్రా, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.