పిల్లలకోసంగారు

దేవాలయమున నైవేద్యము జరుగునపుడు చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. చక్రపొంగలి పళ్లెము స్వామి యెదుట నుండునది నిమిషమో, రెండు నిమిషములో. తెర వేయుదురు, గంట మ్రోగింతురు, తెర తీయుదురు. అంతట ఆ పళ్లెము వచ్చిన దారినే మరలి, స్వామివారు ముట్టిన జాడ యేమాత్రమును లేకుండ, భక్తుల దొన్నెలలోనికి చేరును. ఇందులో మోసమేమియు లేదు. స్వామికిని తెలియును, భక్తునికిని తెలియును. మా యెదురింటిలో స్వామి స్థానమున ఇద్దరు పిల్లలును, భక్తుని స్థానమున వారి తండ్రియు నున్నారు. గాలిపటములు, తపాలా బిళ్ళలు, కుక్కపిల్ల, చిలుక, సమస్తమును ఆ పిల్లల పేరనే గడప దాటి లోనికి వచ్చును. వారి యెదుట క్షణకాలము నిలుచును. పిమ్మట తండ్రిగారి ప్రసాదమగును.

ఆయన రాజమహేంద్రవరమున ఒక కచేరీలో హెడ్డు గుమాస్తా. నలువదియేండ్లు దాటినవి. నుదుట విభూతిరేఖలు, చంకన గొడుగు, ముఖమున సర్కారు దస్త్రమునకుండదగిన గాంభీర్యము. అయినను సాయంకాలము ఇంటికి వచ్చునపుడు ఆ గొడుగు ప్రక్కన కాగితపు పొట్లము ఒకటి ఉండితీరును. వీధిలో నెవరైనను "ఏమిటండీ అది?" అని యడుగుటయే తడవు, ప్రశ్న ముగియక మున్నే "పిల్లల కోసమండీ!" అని సమాధానము వచ్చును. దొంగసొత్తుతో పట్టుబడినవాడైనను అంత త్వరగా బదులు చెప్పజాలడు. ఈ మాట వినగా వినగా మా వీధివారు ఆయన అసలు పేరు మఱచి, తమలో తాము "పిల్లలకోసంగారు" అని పిలుచుకొనసాగిరి. ఆయనకు ఈ సంగతి తెలియదు. తెలిసినను దానిని బిరుదముగనే భావించియుండును.

ఆ యింట తపాలా బిళ్ళల సేకరణము ప్రారంభమైన విధము చెప్పదగినది. పదునొకండేండ్ల కొడుకు ఎవరిదో పాత కవరునుండి బిళ్ళనొకదానిని గోటితో పెఱికి, అన్నపు మెతుకుతో తన లెక్కల పుస్తకము అట్టమీద అంటించుకొనెను. తండ్రి అది చూచి, గోహత్య జరిగిన చోటికి వచ్చినవానివలె, "మెతుకుతోనా! మెతుకుతో అంటించావట్రా!" అని కేక వేసెను. ఆ మఱునాటినుండియే శిక్షణము. బిళ్ళను గోరువెచ్చని నీటిలో తేలవిడిచి, కాగితము దానంతట నది ఊడువఱకు ఓపిక పట్టవలెననియు, అద్దుడు కాగితముపై బోర్లించి ఆరబెట్టవలెననియు, వ్రేలితో ముట్టక సన్నని పట్టకారుతోనే ఎత్తవలెననియు బోధ జరిగెను. 1840లో ఇంగ్లండునందు పుట్టిన మొదటి నల్లబిళ్ళ చరిత్రయు, 1852లో సింధుదేశమున వెలువడిన బిళ్ళల వృత్తాంతమును, స్వతంత్ర భారతము 1947 నవంబరు 21న మువ్వన్నెల జెండాతో వెలువరించిన మూడున్నర అణాల బిళ్ళ మహిమయు ఆ పిల్లవాడు నిలువుకాళ్లపై వినెను. 1948 ఆగస్టు 15న గాంధీమహాత్ముని స్మృత్యర్థము స్విట్జర్లాండులో అచ్చువేయించి తెచ్చిన బిళ్ళలు నాలుగు. ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పండ్రెండణాలు, ఈ మూడును పిల్లలకోసంగారు సంపాదించిరి. నాల్గవది పది రూపాయలది. గుమాస్తా కొంపలో పది రూపాయలను నాలుకతో తడిచేసి కాగితమున కంటించు వంశాచారము లేదు గనుక, పుస్తకములో దాని గడి ఖాళీగా నుండిపోయెను. ఇంటికి వచ్చినవారికి ఆయన నిండిన గడులకంటె ఆ ఖాళీ గడినే ఎక్కువ సేపు చూపుచు, "ఇది పది రూపాయలదండీ" అనును. ఆ పుస్తకము కొడుకుది. అట్టపై వాని పేరే యున్నది. వాడు దానిని ఆదివారమునాడు, చేతులు కడుగుకొని, ఆ చేతులను వెనుకకు కట్టుకొని, రెండడుగుల దూరమునుండి చూడవచ్చును.

కుక్కపిల్ల కథయు నిట్టిదే. వాననాడు తూము క్రింద వణకుచున్న దానిని పిల్లలిద్దరును పైపంచెలో చుట్టి తెచ్చిరి. "మడీ ఆచారమూ ఉన్న ఇంట్లో కుక్కేమిటి?" అని తండ్రి గర్జించెను, ఆ గర్జనము ఒక గంట నిలిచెను. సాయంకాలమునకు దానికి టామీ యని నామకరణమైనది. మఱునాడు ఆయన గౌతమీ గ్రంథాలయమునకు పోయి, కుక్కలను పెంచు విధానమును గూర్చిన ఇంగ్లీషు పుస్తకము తెచ్చెను. కుక్కతో ఇంగ్లీషులోనే మాటలాడవలెనని మన దేశమున నొక శాసనమున్నట్లున్నది. పెండ్లాముతోను పిల్లలతోను తెలుగే మాటలాడువాడు సైతము కుక్కను చూడగనే దొరయగును. ప్రతి ఉదయము ఆయన పుస్తకము ఎడమచేత పట్టుకొని, కుడిచేతి చూపుడువ్రేలు నెత్తి, "సిట్" అనును. టామీ తోక నూపుచు ఆ వ్రేలిని నాకును. లోపలినుండి ఆయన భార్య, చేత అన్నపు గిన్నెతో వచ్చి, "ఛీ, అవతల కూర్చో, ఇంకా చల్లారలేదు" అనగనే అది వినయముగ చతికిలబడును. కుక్కకు ఇంగ్లీషు రాదని ఆమె వాదము. ఆమెకు కుక్కల శాస్త్రము రాదని ఆయన సిద్ధాంతము. మార్గశిరమాసపు చలిలో అర్ధరాత్రమున లాంతరు పట్టుకొని పెరటిలోనికి పోయి, దానికి గోనెపట్ట కప్పివచ్చు ఆయనను నేను మా కిటికీనుండి చూచి పలుకరించితిని. "పిల్లలు బెంగ పెట్టుకుంటారండీ" అని ఆయన గుసగుసలాడెను. గుసగుసలాడుట ఏలయనగా, పిల్లలు గాఢనిద్రలో నుండిరి.

చిలుకను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. దానికి "శ్రీరామ" యని నేర్పుటకు మూడుమాసములు పంజరము ముందర తపస్సు చేసిరి. అది ఆ మాటను పెడచెవిని బెట్టి, ఆయన పొట్లముతో గుమ్మములో అడుగుపెట్టినప్పుడెల్ల ఇల్లాలు వేయు మొదటి ప్రశ్నను పట్టుకొనెను. ఇప్పుడు ఆ యింటికి ఎవరు ఏ సంచితో వచ్చినను, పెండ్లి శుభలేఖతో వచ్చినను సరే, పంజరములోనుండి "ఎంతయింది?" అని వినబడును.

ఇక సంక్రాంతి. పండుగకు నెల ముందే ఆ యింట పగిలిన గాజుసామాను ఏదియు పెంటకుప్పకు చేరదు. ఆ పెంకులను మందులు నూరు కల్వములో మెత్తగా నూరి, పలుచని గుడ్డతో జల్లించి, గంజిలో రంగుతో కలిపి, రెండు కొయ్యల నడుమ దారము సాగదీసి పూత పూయు సంరంభములో ఆయన వ్రేళ్లన్నియు తెగి పీలికల కట్లతో నిండును. కల్వము మఱి మందులకు పనికిరాదు. "అబ్బాయికి గాలిపటం ఎగరెయ్యడం నేర్పాలండీ" అని ఆయన నాతో ననెను. పాఠము భోగినాటి ఉదయమున మొదలై కనుమనాటి సాయంకాలమువఱకు సాగినది. ఆ మూడు దినములును దారము గురువుచేతనే యున్నది. సూర్యరథమును నడపు అనూరునకు తొడలు లేకపోయినను చేత పగ్గములైన నుండును. ఈ శిష్యునకు పట్టుకొనుటకు చరకా మాత్రమే లభించినది. ఎనిమిదేండ్ల కూతురు చప్పట్లు కొట్టుటకు నియమితురాలయ్యెను.

కనుమనాడు నేనును ఆ డాబాపై నుంటిని. పిల్లలకోసంగారు పంచె ఎగగట్టి, పిట్టగోడపై ఒక కాలు మోపి, ఎవరిదో పటమును కోయు ఉత్సాహమున "పట్టు! వదులు! వదులు!" అని తనకు తానే ఆజ్ఞలిచ్చుకొనుచుండగా, క్రింద వీధిలో తహసీల్దారుగారు నడిచివచ్చుట కనబడెను. ఆ మఱుక్షణమున జరిగిన పరివర్తనము నాటకములవారు సైతము చూచి నేర్చుకొనదగినది. దారము కొడుకు చేతిలో పడెను, పంచె జారెను, నుదుట విభూతి మరల వెలిగెను. "ఎన్నిసార్లు చెప్పానురా చదువుకోమని! ఈ పటాలతో పాడైపోతున్నావు!" అని గద్దింపు వీధి చివరవఱకు వినబడెను. నేరము నెఱుగని ఆ బాలుడు తల వంచుకొని, వంచిన తలతోనే, తండ్రి చిక్కుల్లో వదిలిన పటమును నేర్పుగా తప్పించి పైకి లేపెను. తహసీల్దారుగారు నిలువబడిరి, నమస్కారమందుకొనిరి, కాని ఆయన దృష్టి గుమాస్తా మీద లేదు, ఆకాశము మీద నుండెను. కొంతసేపటికి సన్నని గొంతుతో, "మాంజా మంచి కోతగా ఉన్నట్టుందే. ఎక్కడ కొన్నారండీ? మా పిల్లవాడి కోసం" అనిరి. తహసీల్దారుగారి ఏకైక కుమారుడు కాకినాడ కాలేజీలో చదువుచు, మీసములు కత్తిరించుకొనుచుండెనని నాకు తెలియును.

ఆ యింటి ఇల్లాలు చదువుకొన్నది. ఖర్చులు వ్రాయు చిట్టాలో ఆమె "పిల్లల పద్దు" అని ప్రత్యేకముగ నొక పుట తెఱచినది. పట్టకారు, భూతద్దము, కుక్కకు తోలుపట్టెడ, చిలుకకు జామపండ్లు, దారపు ఉండలు ఆఱు, ఇవన్నియు అందులో వరుసగా నెక్కినవి. ఒకనాడు చిన్నపిల్ల పలకమీద వ్రాయుటకు బలపములు లేవని అణా యడిగెను. పిల్లలకోసంగారు చిట్టా తెప్పించి, కళ్లజోడు సవరించుకొని, కూడి చూచి, "ఈ నెల పిల్లల పద్దులో మిగులు లేదమ్మా" అని నిజమైన విచారముతో చెప్పిరి.

తండ్రి కోపమునకు వెఱచి వస్తువులను దాచు పిల్లలు లోకమున కోకొల్లలు. తండ్రి ఉత్సాహమునకు వెఱచి దాచు పిల్లలను నేను ఆ యింటనే చూచితిని. క్రిందటియేడు ఆరుద్రకార్తెలో తొలకరి పడగనే, ఎఱ్ఱని మఖమలు తునకలవలె నేలపై ప్రాకు ఆరుద్రపురుగులను నాల్గింటిని వారు అగ్గిపెట్టెలో గడ్డిపరకలు పఱచి పెట్టుకొనిరి. ముట్టుకొన్నంతనే కాళ్లు ముడుచుకొని, ఏమియు నెఱుగనట్లు పడియుండు ఆ ప్రాణిని అరచేతిలో పెట్టుకొని, అది మరల కదలువఱకు ఊపిరి బిగబట్టి చూచుటయే ఆ వినోదము. ఖర్చు కాసు లేదు. తండ్రి కంట పడెను. ఆ రాత్రికే అగ్గిపెట్టె పోయి గాజుజాడీ వచ్చెను; జాడీలో జల్లెడపట్టిన ఇసుక వచ్చెను; కాళ్లు ఆఱు కావు, ఎనిమిది యనియు, కనుక సాలెపురుగునకు ఇది దాయాదియనియు భూతద్దముతో ఉపన్యాసము వచ్చెను. పిల్లలు రెండవనాటి ఉదయమున తండ్రి స్నానమునకు పోయిన సమయము కనిపెట్టి, జాడీని గడ్డిలో వంచి, నాల్గింటిని విడిచిపెట్టిరి.

అది మొదలుగా వారి ఆస్తులన్నియు మా యింట దాపబడుచున్నవి. కొడుకు అగ్గిపెట్టెల బొమ్మలు నా భోషాణములో నున్నవి. కూతురు నెమలీక నా భారతములో, విరాటపర్వము పుటలనడుమ నున్నది. మేతగా ఈతాకు ముక్కలు వేసిన, నెమలీక పిల్లలను పెట్టునని శాస్త్రము. ఆమె దినమునకొకమాఱు బడినుండి వచ్చుచు మేత వేసిపోవును.

ఈ యేడు ఆరుద్రకార్తె ప్రవేశించినను వాన జాడ లేకపోయెను. ఒక మధ్యాహ్నము పిల్లలకోసంగారు వచ్చి, "విరాటపర్వం ఒకసారి ఇస్తారా? చదివితే వానలు పడతాయంటారు. వాన పడితే ఆ ఎఱ్ఱపురుగులు వస్తాయి కదా... పిల్లల కోసమండీ" అనిరి. నేను వారించులోపలనే ఆయన గ్రంథము తీసి తెఱచెను. ఈతాకు ముక్కలు ఒడిలో రాలినవి. ఆయన ఆ యీకను చూచిన చూపు, పది రూపాయల గడిని చూచు చూపు వంటిది. ఇక భూతద్దము వచ్చును, జాడీ వచ్చును, మయూరజాతి చరిత్ర వచ్చునని నేను కాచుకొని యుంటిని. ఏమియు రాలేదు. ఎవరిదని సైతము అడుగలేదు. "మేత ఎండిపోయిందండీ" అని మాత్రమని, రాలిన ముక్కలను ఒక్కొక్కటిగా ఏఱి యథాస్థానమున నుంచి, పుస్తకము మూసి నా చేతికిచ్చి, వచ్చిన పని మఱచి వెడలిపోయెను. మఱునాడు ఉదయము, కచేరీకి పోవుచు నడిగి విరాటపర్వము చూచి పోయిన ఆయన వెనుక, నేను గ్రంథము తెఱచితిని. పచ్చని ఈతాకు ముక్కలు, కత్తెరతో సమానముగ కత్తిరించినవి, ఈక యడుగున పఱచియున్నవి.

సాయంకాలము వచ్చిన పిల్ల వానిని చూచి ఏమియు ఆశ్చర్యపడలేదు.

"నాన్నగారే వేశారు, బాబయ్యగారూ. ఆయన చిన్నప్పుడు ఇలాగే దాచుకుంటే, తాతగారు చూసి పొయ్యిలో పడేశారట. బామ్మ చెప్పింది. నాకు తెలుసునని మీరు చెప్పకండేం!"

చెప్పనని మాట యిచ్చితిని. ఇంతకాలము స్వామినిగా నుండి విసిగిన ఆ చిన్నది తెర వేయు పని నాకప్పగించినది. ఉదయము తండ్రి వచ్చునపుడు కూతురు సంగతి నాకు తెలియదు. సాయంకాలము కూతురు వచ్చునపుడు తండ్రి సంగతి నాకు తెలియదు. నెమలీక యింకను పిల్లలను పెట్టలేదు. మేత మాత్రము రెండు పూటల పడుచున్నది.