యాభై నంబర్ల చిట్టీ

చర్లపల్లిలో మాది టేబుల్ ఫ్యాన్ల కంపెనీ. అంటే మేం ఫ్యాన్లు తయారుచెయ్యం. ఎవరో తయారుచేసి పంపుతారు, మేం పేరు అంటించి అమ్ముకుంటాం. లాటుకు 400 పెట్టెలు, పెట్టెకో ఫ్యాను. క్వాలిటీ వాళ్లు సరేనంటే అకౌంట్స్‌లో నేను బిల్లు పాస్ చేస్తాను.

పాత సూపర్‌వైజరు ఉన్నన్నాళ్లూ పరీక్షంటే షట్టరు దగ్గర చేతికందిన నాలుగు పెట్టెలు విప్పడం, స్విచ్చి వేయడం, ఆ గాలికి చెమట ఆరాక సంతకం పెట్టడం. ఆయన రిటైరయ్యాక స్టాటిస్టిక్స్ చదివిన కుర్రాఫీసరు వచ్చాడు. వస్తూనే బల్లమీద స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావు గారి ఫొటో పెట్టుకున్నాడు. ఇద్దరిదీ ఆంధ్రా యూనివర్సిటీయేనని, సొంత మేనమామ గురించి చెప్పినంత ధీమాగా చెప్పేవాడు.

మొదటి మీటింగులోనే పాత పద్ధతిని ఉతికి ఆరేశాడు. "అందిన పెట్టె తీయడం శాంప్లింగ్ కాదు సార్, బద్ధకం!"

ఎండీ గారు, పోనీ పదిశాతం తీద్దామన్నారు. అదీ తప్పేనన్నాడు. యాభై ఫ్యాన్ల లాటులో ఐదు చూస్తే ఏమీ తేలదు, ఐదువేల లాటులో ఐదొందలు చూస్తే కూలి దండగ. ఎన్ని చూశామన్నది ముఖ్యం గాని, లాటులో ఎంత శాతం చూశామన్నది కాదట. స్టోర్స్ ఆయన "ప్రతి ఎనిమిదోదీ తీద్దాం, తేలిక" అన్నాడు. అదీ కుదరదన్నాడు కుర్రాడు. సప్లయరు దగ్గర మోటార్లు చుట్టే మిషన్లు నాలుగు. ఫ్యాన్లు అదే వరుసలో పెట్టెల్లోకి ఎక్కితే ప్రతి ఎనిమిదోదీ ఒకే మిషనుదవుతుంది. మిగతా మూడూ ఏం చుడుతున్నాయో మనకు జన్మలో తెలియదు. ఈ ముక్క మాత్రం నాకు భలే నచ్చింది. షిఫ్టుల వారీగా విడదీసి తీద్దామంటే, పెట్టెల మీద షిఫ్టు ముద్రే లేదు.

చివరికి శాంప్లింగ్‌కున్న భారతీయ ప్రమాణం, ఐఎస్ 2500 పట్టిక తెరిచాడు. బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ డాడ్జ్ లాంటివాళ్లు మొదలుపెట్టిన లెక్కలు, యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి సరుకు సరిచూడ్డానికి పనికొచ్చి, 1950లో సైనిక ప్రమాణంగా అచ్చయి, తిరిగి తిరిగి మా గోడౌన్‌కి చేరాయన్నమాట. 281 నుంచి 500 దాకా ఎంత లాటైనా శాంపిల్ యాభై. మేం పెట్టుకున్న ఒక శాతం హద్దుకు, యాభైలో చెడ్డది ఒకటుంటే తీసుకోవచ్చు. రెండుంటే లారీ వెనక్కి.

ఇక ఏ యాభై? దించేటప్పుడే ప్రతి పెట్టె మీదా మార్కర్‌తో నంబరు వేయాలని కిందికి ఆర్డరు వెళ్లింది. పైన ఏసీ గదిలో ఎక్సెల్ నొక్కితే 1 నుంచి 400 లోపు యాభై అంకెలు రాలతాయి. అంకెల్లో పక్షపాతం లేకుండా చూడటం చిన్న పని కాదట. రాండ్ సంస్థ 1955లో ఏకంగా పది లక్షల అంకెలతో పుస్తకమే వేసిందట. కథ లేదు, పాత్రల్లేవు, మొదటి నుంచి చివరిదాకా అంకెలే.

అంకెల చిట్టీ హమాలీ మేస్త్రికి వెళ్లేది. అరగంటలో యాభై పెట్టెలూ పైకొచ్చేవి, ఒక్కోదాని మీదా చిట్టీలో ఉన్న నంబరు. "ఏ పెట్టె వస్తుందో దేవుడిక్కూడా తెలీదు సార్," అని మురిసిపోయేవాడు కుర్రాడు. లాటు మీద లాటు పాసైంది.

డీలర్ల నుంచి తిరిగొచ్చే ఫ్యాన్లు మాత్రం తగ్గలేదు. వాటి క్రెడిట్ నోట్లు రాసేది నేనే కాబట్టి ఒకసారి అడిగాను. జాలిగా చూశాడు. "యాభై చూసి ఒకటి దాకా ఒప్పుకుంటే, నూటికి నాలుగు చెడ్డవున్న లాటు కూడా పదింట నాలుగుసార్లు గట్టెక్కుతుంది సార్. అది లెక్కలోనే ఉంది." లెక్కలోనే ఉన్నాక నేనేమంటాను? నోట్లు రాసుకున్నాను.

మొన్న బిల్లు పాస్ చేద్దామని ఇన్వాయిసూ క్వాలిటీ రిపోర్టూ పక్కపక్కన పెట్టుకున్నాను. రిపోర్టులో ఎప్పట్లాగే శాంపిల్ యాభై, లోపాలు సున్నా. ఇన్వాయిసులో మాత్రం ఈసారి సరుకు 320. సప్లయరు తక్కువ పంపాడు. కుర్రాడి ఎక్సెల్‌లో 400 అలాగే ఉండిపోయింది. 320కైనా శాంపిల్ యాభయ్యే కాబట్టి ఎవరికీ పట్టలేదు.

పెన్సిల్ తీసి రిపోర్టులో 320 దాటిన నంబర్లకు సున్నాలు చుట్టాను. 327, 338, 352... చివరిది 391. మొత్తం పది. పదీ వచ్చాయి. పదీ పరీక్షకు నిలిచాయి.

కాగితం చూసి కుర్రాడు ఏమీ అనలేదు. లేచి కిందికి నడిచాడు. వెనకాలే నేనూ వెళ్లాను. రేకుల కింద వేడికి అట్టపెట్టెల వాసన గుప్పుమంది. లోపల కప్పుదాకా పేర్చిన పెట్టెల మీద ఒక్క అంకె లేదు. షట్టరు పక్క వరుసకు మాత్రం కొత్త టేపు నిగనిగలాడుతోంది. సప్లయరు డ్రైవరు దగ్గరుండి పేర్పించే వరుస అది.

"మేస్త్రీ, ఈ 391 ఎక్కణ్నుంచి తెచ్చావ్?"

మేస్త్రి కాగితం తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఎక్కడో పొరపాటు జరిగి సారుకు నచ్చలేదనుకున్నాడు కాబోలు, చెవి మీది మార్కర్ తీసి మూత ఊడబెరికాడు.

"ఇంకో యాభై గావాల్నా సార్? నంబర్లు జెప్పుండ్రి."