కూరలోకి ఎంత అన్నం? షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

షుగర్ వచ్చిందని తెలియగానే మన ఇళ్లలో వెంటనే మానేసేవి రెండు: తీపి, గుడ్డులో పచ్చసొన. వెంటనే మొదలుపెట్టేవి రెండు: రాగి జావ, ఇడ్లీ. ఈ నాలుగింటిలో నిస్సందేహంగా మంచి పని తీపి మానడం ఒక్కటే.

దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. అంటే ఈ విషయం దాదాపు ప్రతి వంటింటిదీ. కింద చెప్పేవి పెద్దవాళ్ల చెవికి విడ్డూరంగా తోస్తాయి. అయినా పాటించమనే అడుగుతున్నాను. వీటన్నిటికీ మూలం ఒక్కటే: ఒక పదార్థంలో ప్రోటీన్ ఎంత ఉందో చూస్తే చాలదు, ఆ ప్రోటీన్‌తో పాటు కంచంలోకి ఇంకేం వస్తోందో చూడాలి.

1. మొదటి ముద్ద అన్నం తినకండి

పప్పు, నెయ్యి కలిపిన అన్నంతో భోజనం మొదలుపెట్టడం మన అలవాటు. దాన్ని వెనక్కి నెట్టండి. ముందు కూర, గుడ్డు, చేప ముక్క, పనీర్ ఏది ఉంటే అది ఉత్తగా తినండి. పది పదిహేను నిమిషాలు ఆగి అన్నం పెట్టుకోండి. 2015లో న్యూయార్క్ పరిశోధకులు షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కోడిమాంసం, కూరగాయలు ముందు తిని రొట్టె, పళ్లరసం తర్వాత తీసుకున్న రోజున, గంటకు చూసిన షుగర్ రెండో వరసలో కన్నా మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. అధ్యయనం చిన్నదే కానీ కారణం స్పష్టం. ముందు ప్రోటీన్ చేరితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, వెనక వచ్చే పిండిపదార్థం రక్తంలోకి ఒక్కసారిగా దిగదు.

2. పలచటి పప్పును ప్రోటీన్ లెక్కలో వేయకండి

నలుగురికి 100 గ్రాముల కందిపప్పు ఉడికించారనుకోండి. అందులో ప్రోటీన్ 22 గ్రాములు, మనిషికి ఐదారు గ్రాములు. అదే కంచంలో 120 గ్రాముల బియ్యం వండిన అన్నం ఉంటే అందులో పిండిపదార్థమే 90 గ్రాములు దాటుతుంది. పప్పుచారైతే ఆ ఐదారు గ్రాములు కూడా ఉండవు. ఆరోగ్యంగా ఉన్న 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ కావాలని మన ప్రమాణం. కాబట్టి పప్పు రెట్టింపు వేసి ముద్దపప్పుగా వండండి, అన్నం సగానికి తగ్గించండి. పప్పులోనూ పిండిపదార్థం సగానికి పైగానే ఉంటుంది, కానీ అది నిదానంగా అరుగుతుంది. తిన్నది షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచికలో చాలా పప్పుధాన్యాలు 30 దగ్గర తిరుగుతుంటే, తెల్లన్నం రకాన్ని బట్టి 60 నుంచి 80 దాకా ఉంటుంది.

3. ఇడ్లీ పక్కన పెట్టి పెసరట్టు వేసుకోండి

మినప్పప్పు ఒక గ్లాసైతే ఇడ్లీ రవ్వ రెండు, రెండున్నర గ్లాసులు. అంటే ఇడ్లీలో ఎక్కువ భాగం బియ్యమే. నూనె లేదు కాబట్టి షుగర్‌కు మంచిదనుకోవడం సరికాదు. 60 గ్రాముల పొట్టు పెసలు నానేసి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే రెండు పెద్ద అట్లు వస్తాయి, 13 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేయకండి. లోపల ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టు జోలికీ వెళ్లకండి. ఆ రవ్వతో పెసలు చేసిన మేలంతా పోతుంది.

4. రాగి జావను మందులా తాగకండి

రాగుల గొప్పతనం క్యాల్షియంలో ఉంది, ఆ విషయంలో బియ్యం వాటి దరిదాపుల్లోకి కూడా రాదు. ప్రోటీన్ మాత్రం నూటికి ఏడు గ్రాములే, దాదాపు బియ్యంతో సమానం. మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి గడగడా తాగితే షుగర్ త్వరగా పెరుగుతుంది. రాగులు కావాలంటే చిన్న సంగటి ముద్ద చేసుకుని, కోడికూరతోనో దండిగా పప్పుతోనో తినండి.

5. పచ్చసొన పారేయకండి

గుడ్డులో ఉండే ఆరు గ్రాముల ప్రోటీన్‌లో నలభై శాతం పైగా సొనలోనే ఉంది. విటమిన్లు చాలావరకు అక్కడివే. పిండిపదార్థం గుడ్డు మొత్తం మీద ఒక గ్రాము కూడా ఉండదు. కొలెస్టరాల్ బాగా ఎక్కువున్నవాళ్లు మాత్రం ఎన్ని తినాలో డాక్టరును అడగాలి.

6. డబ్బా పొడి కన్నా మీల్ మేకర్ కొనండి

ఎండు మీల్ మేకర్‌లో సగం ప్రోటీనే. 30 గ్రాములు నానబెట్టి కూర వండితే 15 గ్రాములు వస్తుంది, రెండున్నర గుడ్లతో సమానం. పాలలో కలుపుకునే పొడుల డబ్బా వెనక చదవండి. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ముందు వరసలో కనబడితే షాపులోనే వదిలేయండి. వేరుశనగల్లో ప్రోటీన్ పాతిక శాతం ఉన్నా నూనె దాదాపు సగం. గుప్పెడు చాలు.

7. బిర్యానీని మాంసాహారం అనకండి

వంద గ్రాముల కోడి ముక్కల్లో ప్రోటీన్ 20 గ్రాములు దాటుతుంది, పిండిపదార్థం దాదాపు సున్నా. షుగర్ పెంచేది చుట్టూ ఉన్న బియ్యం. చికెన్ 65కి పట్టించిన మైదా, కార్న్‌ఫ్లోర్ కూడా అదే పని చేస్తాయి. ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ అడిగి వడ్డించుకోవడానికి మొహమాటపడకండి.

ఇవి మొదలుపెట్టే ముందు

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకోండి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు సొంతంగా ప్రోటీన్ పెంచకూడదు.

మిగతావాళ్లు గ్లూకోమీటర్ తీయండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న టైము నుంచి రెండు గంటలకు చూడండి. ఒకరోజు మామూలు వరసలో, మరో రోజు కూర ముందు తిని. చాలామందికి 180 లోపు ఉండాలన్నది లక్ష్యం. రెండు అంకెలూ రాసి పెట్టుకుని ఈసారి డాక్టరు దగ్గరికి మాత్రల చీటీతో పాటు ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.