ఆకు మనది, ఎరువు వాళ్లది

దాచేపల్లి నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగి కౌన్సిలర్లూ వచ్చారు. ఇక రావాల్సింది నగరమే. అదీ వచ్చేసింది, కుండీల్లో. డాబా మీద కుండీలు, వరండాలో వేలాడే కుండీలు, మెట్టుకొకటి చొప్పున కుండీలు. గునపం వేస్తే మూరెడు లోతులో నాపరాయి ఖంగుమనే చోట ఇళ్లు కట్టుకున్నాం కాబట్టి పెరడు లేని లోటు అట్టా తీర్చుకున్నాం. కుండీలు కొన్న వాళ్లకు నీళ్లు పోసే తీరిక ఉండదు గనక గార్డెన్ సర్వీసులూ దిగాయి. నెలకింత అని మాట్లాడుకుంటే వారానికోసారి కుర్రాడు బండేసుకొచ్చి, కత్తెరతో టకటకా కత్తిరించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి వెళ్తాడు.

కత్తిరించిన రెమ్మలూ, ఊడ్చిన ఆకులూ మాత్రం ఫొటోలో ఉండవు. అవి యూరియా గోతంలో ఉంటాయి. గోతం వీధి చివర ఖాళీ స్థలం దాకా వెళ్తుంది. ఆ తర్వాత పని అగ్గిపుల్లది.

"ఏందబ్బాయ్, పొద్దుపొద్దున్నే ఈ పొగ?" అని మా వీధి పెద్దమ్మ అడిగింది.

"దోమలు పోతాయి పెద్దమ్మా."

"దోమలు పోవటం కాదయ్యా, మేం పోయేట్టున్నాం."

కుర్రాడిని అని లాభం లేదు. వాడి సంచీలోనే వర్మీకంపోస్టు ప్యాకెట్లుంటాయి. తమిళనాడు పొల్లాచ్చి నుంచి వచ్చిన కొబ్బరిపొట్టు ఇటుకలుంటాయి. ఆకులు తగలెయ్యటానికి సర్వీసు చార్జీ, ఆకులు కుళ్లబెట్టిన ఎరువుకు ప్యాకెట్ రేటు. ఒకే సరుకు మీద పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ డబ్బులు గుంజే ఇంతటి తెలివి మిర్చి యార్డు దళారులకు కూడా తట్టలేదు. పైగా దీనికి 'సస్టెయినబుల్' అని పేరు. ఇక ప్యాకేజీలు కూడా వస్తాయి, రాసిపెట్టుకోండి. సిల్వర్ ప్యాకేజీ అయితే మీ వీధిలో తగలబెడతారు, గోల్డ్ ప్యాకేజీ అయితే పక్క వీధిలో.

ఇదంతా ఎరువు దొరకని చోట జరిగితే సరే అనుకోవచ్చు. ఊరు దాటితే పత్తి కట్టె, మిరప కట్టె, గేదెల పేడ. మన తాతలైతే ఎరువు కోసం పాటిదిబ్బలు తవ్వి బండ్లకెత్తి పొలాలకు తోలారు. శతాబ్దాల కిందటి ఊళ్ల బూడిద, పెంట, పెంకుముక్కలు కూడా వాళ్ల దృష్టిలో సరుకే. పురావస్తు శాఖ వాళ్లు ఇప్పటికీ లబోదిబోమంటారు. చచ్చిన ఊళ్ల చెత్తను కూడా వదలని వాళ్ల మనవలు సొంత డాబా మీది వేపాకును పొగ పెట్టి పంపిస్తున్నారు.

హైదరాబాదులో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దె మీదే మడులు కట్టి తోట పెంచి, ఎందరికో ఆ పిచ్చి పట్టించారు. గేదె కనపడని కాలనీల్లో జనం పశువుల ఎరువు వెతుక్కుంటున్నారు. మనకు గేదె వాకిట్లోకొచ్చి పేడ వేసిపోతే దాని యజమానితో తగాదా.

చట్టం సంగతంటారా? కేంద్రం 2016 ఏప్రిల్‌లో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. తోట చెత్తను ఎవరింటిది వాళ్లింట్లోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు వదిలించుకోవాలని అందులో రాశారు. వీధుల్లో, ఖాళీ స్థలాల్లో పారెయ్యటం, పాతిపెట్టటం, తగలబెట్టటం కుదరదన్నారు. చెత్త నుంచి తీసిన ఇంధనం తయారయ్యే చోటికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్నే వాడాలనీ అందులో ఉండేది. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే కదా, ఇక బెంగేముందని సంబరపడకండి. వాటి కొలిమి తడి ఆకును మెచ్చదు. కొండవీడు దగ్గర చెత్తతో కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటూ అంతే, దానికీ పొడిదైతేనే మేలు. తడిది ఇంట్లో తెమలాల్సిందే.

తెమలటానికి ప్రభుత్వం బుట్టలిచ్చింది. 2021 అక్టోబరు 2న పథకం మొదలైంది. తడికి పచ్చది, పొడికి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. వాటి వెంటే చెత్త పన్నూ వచ్చింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి ఆ పన్ను రద్దన్నారు. వేసిందీ తీసిందీ గాంధీ జయంతి నాడే కాబట్టి మహాత్ముడికి రెండువైపులా న్యాయం జరిగింది. పన్ను మీద మూడేళ్లు కొట్టుకున్నాం, బుట్టలో ఏం వెయ్యాలో మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. ఇప్పుడు మా వీధిలో పచ్చ బుట్టలో తులసి, ఎర్ర బుట్టలో గులాబీ, నీలం బుట్ట స్నానాల గదిలో. ఈ మొత్తం కార్యక్రమంలో నూటికి నూరుపాళ్లు రీసైకిల్ అయినవి ఆ బుట్టలే.

అసలు చిక్కు ఆకుతో కాదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలకు దగ్గరి ఊరు మనది. మే నెల వచ్చేసరికి కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు ఎండి వరుగవుతాయి. మిగిలేవి నల్ల కవర్లు, పగిలిన ప్లాస్టిక్ కుండీలు, పట్టుకుంటే పొడైపోయే గ్రో బ్యాగులు, చిరిగిన గ్రీన్ నెట్. పాత సామాన్ల బండివాడు కుండీ అయితే తీసుకుంటాడు. గ్రో బ్యాగు చూపిస్తే "ఇది మాకొద్దు సామీ" అని బండి తిప్పుకుంటాడు. అమ్మేటప్పుడు ఆహా ఓహో అన్న సర్వీసు వాళ్లు, ఖాళీ బ్యాగులు తిరిగి తీసుకోమంటే ఫోనెత్తరు. చివరికి అవీ ఆ గోతంలోకే చేరి, ఆకుతో కలిసి తగలబడతాయి. పెద్దమ్మను దగ్గించేది ఆ పొగే.

పెద్దమ్మ మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. క్వారీ దగ్గర పడేసిన నాలుగు నాపరాయి తుండు బండలు తెప్పించి మెట్ల కింద నిలబెట్టి గూడు కట్టించింది. అడుగున గాలాడటానికి జానెడేసి నరికిన పత్తి కట్టె. దాని మీద రెండు తట్టల ఎండాకు, ఒక తట్ట కూరగాయల తొక్కలు, పైన పేడనీళ్లు, ఆపైన తడి గోనెపట్టా. మూడో రోజున అందులో చెయ్యి పెట్టి చూపించింది, వేడినీళ్ల కాగులో పెట్టినట్టుంది. వాసన లేదు, వాన పడ్డ నేల వాసన తప్ప. బూడిద వెయ్యదు. సున్నపురాయి నేలకు ఆ ఘాటు ముందే ఉంది, ఇంకా ఎందుకంటుంది. పత్తి కట్టెను మోపులుగా నిలవ పెడితే గులాబి రంగు పురుగు దాక్కుంటుందని, తెచ్చిన రోజే నరికేస్తుంది. ముడత తెగులు మిరప కట్టెను గడప తొక్కనివ్వదు. సైన్సు లెక్కలో కర్బనం 30 పాళ్లుంటే నత్రజని ఒక పాలు ఉండాలట. ఆ లెక్క పెద్దమ్మకు తెలియదు, ఆమె తట్టలు మాత్రం దాని దగ్గర్లోనే తూగుతున్నాయి.

సర్వీసు కుర్రాడు ఆ గూడు చూసి, "కిలో ఎంతకిస్తావు పెద్దమ్మా?" అన్నాడట.

కాబట్టి అయ్యా, అమ్మా, సర్వీసు మానుకోమని చెప్పటం లేదు. కుర్రాళ్లకు పని దొరకటం మంచిదే. నెలాఖరున డబ్బులిచ్చే ముందు గోతం యాడికి పోతుందో, ఖాళీ బ్యాగులు ఎవరు తీసుకుంటారో అడగండి. మెట్ల కింద నాలుగు బండలు నిలబెడితే ఆకులు అందులో పోసి, నెలకోసారి తిరగేసే పనీ వాడికే అప్పజెప్పండి, దానికి పైన ఇంకో వంద ఇవ్వండి. అగ్గిపెట్టె తీశాడా, ఆ నెల డబ్బులు ఆపెయ్యండి.