కనబడుటలేదు: కుడి మూల గడియారం

మహారాజశ్రీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ గారి దివ్య సముఖానికి,

రెండో అంతస్తు సెక్షన్ సిబ్బంది తరఫున ఒక గుమాస్తా నమస్కరించి రాయునది.

విషయం: కంప్యూటర్ తెర అడుగు పట్టీలో గడియారం మాయమగుట, తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

సోమవారం పొద్దున్న కంప్యూటర్లు ఆన్ చేసేసరికి టాస్క్‌బార్ కుడి మూలన టైం లేదు. నెట్ గుర్తు ఉంది, స్పీకర్ గుర్తు ఉంది, వైరస్ స్కాన్ చేయించుకోమని పోరుపెట్టే పసుపు త్రికోణం కూడా ఉంది. గడియారం ఒక్కటే లేదు. మొదట ఎవరికి వాళ్లం మన మెషిన్‌కే ఏదో అయిందనుకున్నాం. "నాకూ లేదు", "నాకూ లేదండీ" అని ఒక్కో సీటు నుంచీ వినబడ్డాక తెలిసింది, ఇది రోగం కాదు, జీవో అని.

అయినా తమరిని ఇబ్బంది పెట్టడమెందుకని మా ప్రయత్నం మేం చేశాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో సిస్టమ్ ఐకాన్లు ఆన్, ఆఫ్ చేసే చోటు. విండోస్ 10లో దారి ఇదే. ఎక్స్‌పీ రోజుల్లో అయితే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో 'షో ద క్లాక్' గడిలో టిక్కు పెడితే అయిపోయేది. ఇప్పుడు ఊరంతా చుట్టి రావాలి. చుట్టి వచ్చాం. గడియారం పేరుకు ఎదురుగా మీట ఉంది గానీ, బూడిద రంగులో, ఎంత నొక్కినా కదలకుండా ఉంది. కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయని చిన్నక్షరాల్లో ఒక ముక్క కూడా ఉంది. సంస్థ అంటే ఎవరో మాకు తెలుసు. సర్వర్ గదిలో ఏసీ కింద కూర్చునే తమరే.

కారణం తరవాత తెలిసింది. సిబ్బంది మాటిమాటికీ టైం చూసుకుంటున్నారని, అయిదు కొట్టకముందే బ్యాగులు సర్దుకుంటున్నారని పైవాళ్ల చెవిన ఎవరో వేశారట. పైవాళ్లు తమరితో అన్నారట. తమరు గ్రూప్ పాలసీలో ఒక వరసను ఎనేబుల్ చేశారట. నోటిఫికేషన్ ఏరియాలోంచి గడియారాన్ని తీసేసే పాలసీ అందులో నిజంగానే ఉంది. ఎప్పటికో ఇలాంటి ఆఫీసు ఒకటి పుడుతుందని ముందే ఊహించి దాన్ని తయారుచేసి పెట్టినవాళ్లకు ఓ దండం.

గడియారం తీసేస్తే జనం టైం చూడటం మానేస్తారని లెక్కవేసినవారు ఒక్కసారి మా సెక్షన్‌కు రావాలి. ఇదివరకు టైం చూడటం ఒక పనే కాదు. కన్ను అలా మూలకు పోయి ఇలా వచ్చేసేది, చేతిలో పని చేతిలోనే ఉండేది. ఇప్పుడు ఫోన్ తియ్యాలి. ఫోన్ తీసి, టైం ఒక్కటే చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్న మనిషిని తమరు ఎక్కడైనా చూశారా? మామయ్యగారి గుడ్‌మార్నింగ్ పువ్వు, అపార్ట్‌మెంటు గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ, ఎవరిదో పెళ్లిరోజు, అన్నిచోట్లా మొహం చూపించి బయటపడేసరికి టైం చూడటం మర్చిపోయి ఉంటాడు. మళ్లీ తీస్తాడు.

ఫోన్ ముట్టనివాళ్లు అంతకన్నా ఘటికులు. నోట్‌ప్యాడ్ తెరిచి ఎఫ్5 నొక్కితే ఆ క్షణాన ఉన్న టైమూ తేదీ వచ్చి పడతాయని మా డేటా ఎంట్రీ ఆపరేటర్ కనిపెట్టాడు. అతని నోట్‌ప్యాడ్ నిండా ఇప్పుడు టైములే. మధ్యాహ్నం మూడు దాటాక వరసలు మరీ దగ్గరదగ్గరగా పడుతున్నాయి. అకౌంట్స్ మేడమ్ గారు ఎక్సెల్ వదిలి బయటికి రారు గనక కంట్రోల్, షిఫ్ట్, సెమికోలన్ కలిపి నొక్కుతారు. గడిలో టైం పడుతుంది, చూసుకుని చెరిపేస్తారు. ఒకసారి చెరపడం మరిచారు. పాపం ఒక కాంట్రాక్టరు బిల్లులో, కోతలు అన్నచోట సాయంత్రం 4:47 అని ఉండిపోయింది. ఏ నిబంధన కింద కోశారో చెప్పమని ఆడిట్ వాళ్లు వివరణ అడిగారు.

కొత్తగా చేరిన కుర్రాడు చదువుకున్నవాడు, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'టైమ్' అని కొట్టాడు. అది టైం చూపించి ఊరుకోలేదు, కొత్త టైం ఎంత పెట్టమంటారని అడిగింది. కుర్రాడు ఆశపడి సాయంత్రం అయిదున్నర అన్నాడు. నీకు ఆ అధికారం లేదు పొమ్మంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి యంత్రం కూడా ఆ మాట చెప్పాలా?

హెడ్ క్లర్కు గారి కష్టం ఇంకో రకం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా. ఆ వేళలో ఆయన ఏ ఫైలు మీదా సంతకం పెట్టరు. ఇదివరకు తెర మూలన పన్నెండు పడగానే కలం మూత తీసేవారు. ఇప్పుడు రాహువు దాటాడో లేదో నమ్మకం చాలక, ఎందుకైనా మంచిదని భోజనం చేసొచ్చాకే తీస్తున్నారు. శుక్రవారం ఫైళ్లు సోమవారానికి జరుగుతున్నాయి.

గోడ గడియారం ఉందిగా అంటారేమో. ఉంది. ఆగిపోయి ఉంది. పెన్సిల్ సెల్ కోసం స్టోర్స్‌కు ఇండెంటు పెట్టాం. పాత సెల్ అప్పగిస్తే గాని కొత్తది ఇవ్వమన్నారు. పాతది తీద్దామంటే నిచ్చెన వాళ్ల దగ్గరే ఉంది.

ఈ మూల గడియారం ఎన్నాళ్ల నాటిదో తమరికి తెలియంది కాదు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌తో పాటే వచ్చింది. విడుదలకు ముందు తయారైన తొలి కూర్పుల్లో అది సెకండ్లు కూడా చూపించేదట. గంటకూ నిమిషానికీ మధ్య ఉండే రెండు చుక్కలూ ఆరుతూ వెలుగుతూ ఉండేవట. 4 మెగాబైట్ల మెమొరీతో నెట్టుకురావాల్సిన యంత్రాలవి. సెకనుకోసారి చుక్కలు ఆర్పి వెలిగించడానికే కొంత మెమొరీని కట్టిపడేయాల్సి వచ్చి, మిగతా పనులు కుంటుపడుతున్నాయని చుక్కల మినుకునూ సెకండ్లనూ తీసేశారు. ఆ కథ విండోస్ మీద పనిచేసిన ఇంజనీరు రేమండ్ చెన్ తరవాత రాశారు. కిలోబైటుకు కిలోబైటు లెక్కచూసుకున్న ఆ కరువులో కూడా గడియారాన్ని ఎవరూ తియ్యలేదు. 2023లో విండోస్ 11 వాళ్లకు సెకండ్లు చూసుకునే వీలు కూడా వచ్చింది. మాకిక్కడ గంటలకే దిక్కులేదు.

పోనీ మా కంప్యూటర్‌కు టైం తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. కరెంటు పోయినా లోపలి గడియారం ఆగకుండా మదర్‌బోర్డు మీద బిళ్ల సెల్ ఒకటి దాన్ని నడుపుతూనే ఉంటుంది. నెట్‌వర్క్‌లోకి రాగానే సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది కూడా. మామూలుగా అయితే తమరి సర్వర్‌కూ దీనికీ 5 నిమిషాలకు మించి తేడా వస్తే, మనిషి గుర్తింపు సరిచూసే కెర్బరోస్ లాగినే ఒప్పుకోదు. పంపిన ప్రతి మెయిల్ మీదా టైం పడుతోంది, సేవ్ చేసిన ప్రతి ఫైలు మీదా పడుతోంది. గుమ్మం దగ్గర వేలిముద్రల యంత్రం నా ఆలస్యాన్ని సెకండ్లతో సహా జీతాల సెక్షన్‌కు చేరవేస్తోంది. అంటే నా టైం నా మెషిన్‌కు తెలుసు, సర్వర్‌కు తెలుసు, తమరికి తెలుసు, జీతం కోసేవాళ్లకు తెలుసు. తెలియకూడనివాణ్ని నేనొక్కణ్నే. నేను వచ్చే టైం లెక్కపెట్టే హక్కు మీకుంటే, పోయే టైం లెక్కపెట్టుకునే హక్కు నాకెందుకు ఉండదు? కోపంతో అడగడం లేదు. నిజంగా తెలియక అడుగుతున్నాను.

ఇంకో సంగతి. మన ఆఫీసు ఉన్నది కాకినాడలో. దేశానికంతటికీ టైం ఇచ్చే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం అనగానే బళ్లో మీర్జాపూర్ పేరే చెప్పేవారు. ఆ గీతే కిందికి వచ్చి మన జిల్లాలో, అన్నవరానికీ తునికీ మధ్య హైవే దాటి సముద్రంలోకి దిగిపోతుంది. దేశమంతా ఆ గీతను బట్టి టైం పెట్టుకుంటుంటే, దానికి బస్సు దూరంలో కూర్చుని నేను పక్క సీటాయన్ని "టైమెంతయిందండీ" అని అడుక్కుంటున్నాను. ఆయనా ఫోన్ తీస్తున్నాడు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, స్టార్ట్ మెనూ అండ్ టాస్క్‌బార్. అక్కడ గడియారం తీసేయమన్న వరసను 'నాట్ కాన్ఫిగర్డ్'కు మార్చండి. మేం లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవుతాం. ఈ పనికి ఎంతసేపు పట్టిందో తమరు అక్కడికక్కడే చూసుకోవచ్చు. తమరి తెర మీద మాత్రం గడియారం ఉందని టీ తెచ్చే అబ్బాయి చెప్పాడు.

పైవాళ్లు ససేమిరా అంటే ఒక రాజీకి కూడా సిద్ధం. సాయంత్రం నాలుగున్నర దాకా చూపించి, చివరి అరగంట దాచేసుకోండి. ఆ అరగంట మాకు గడియారంతో పనిలేదు. సామర్లకోట బస్సు అందుకోవాల్సిన ముగ్గురూ లేచి నిలబడితే మిగతావాళ్లకు తెలిసిపోతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండో అంతస్తు, కిటికీ పక్క సీటు.

ప్రతి: స్టోర్స్ వారికి, నిచ్చెన నిమిత్తం.