ట్వెల్వ్–జీరో–ట్వెల్వ్: ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆత్మకథ

నేను ట్రాన్స్‌ఫార్మర్‌ని. అంగట్లో నన్ను "ట్వెల్వ్–జీరో–ట్వెల్వ్, ఫైవ్ ఆంప్స్" అని అడుగుతారు. ఇంకో పేరు నాకు అక్కర్లేదు. నేనేం చేయగలను, ఎంతవరకు చేయగలను అన్నదంతా ఆ పిలుపులోనే ఉంది. పాటల పెట్టెలో నా చోటు అడుగున ఒక మూల. పొగడ్తలు స్పీకర్లకూ ఐసీలకూ వెళ్తాయి. అయినా ఆ పెట్టెలో పలికే ప్రతి వాటూ ముందు నాలోంచి దాటి రావలసిందే.

మా వంశం చిన్నది కాదు. 1831లో లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు పక్కలా రాగి తీగ చుట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ కలిపినప్పుడు, తీసినప్పుడు, రెండో చుట్ట దగ్గరున్న సూది కదిలింది. ఆ రెండు తీగలకూ ఎక్కడా కలయిక లేదు. మధ్యలో ఉన్నది అయస్కాంత క్షేత్రం ఒక్కటే. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు ఆ సూత్రాన్ని ఊళ్లకు కరెంటు పంచే యంత్రంగా మలిచారు. ఇవాళ వీధి చివర స్తంభాల మీద గుయ్యిమనే పెద్దలూ, నేనూ ఆ ఇంటివాళ్లమే.

నేను పుట్టింది హైదరాబాద్‌లో ఒక చిన్న వైండింగ్ షాపులో. బాబిన్ మీద ముందు సన్న ఎనామిల్ తీగతో ప్రైమరీ చుట్టారు. వోల్టుకు నాలుగు చుట్ల లెక్కన, 230 వోల్టులకు 920 చుట్లు. దాని మీద ఇన్సులేషన్ కాగితం. ఆ పైన లావు తీగతో సెకండరీ, అటు 50 చుట్లు, ఇటు 50 చుట్లు. పన్నెండు వోల్టులకు 48 చాలు. లోడు పడ్డప్పుడు తగ్గే వోల్టేజీని పూడ్చడానికి ఆ రెండూ అదనం. తర్వాత పల్చటి సిలికాన్ స్టీలు స్టాంపింగులు, ఇంగ్లిష్ 'E' ఆకారంలో ఒకటి, 'I' ఆకారంలో ఒకటి, అటొకటి ఇటొకటిగా దూర్చారు. రేకులన్నీ ఒకే దిమ్మగా ఉంటే లోపల సుడి ప్రవాహాలు పుట్టి నన్ను వేడెక్కిస్తాయి. అందుకే ఒక్కో రేకుకూ మధ్య పల్చటి పూత. చివరికి వార్నిష్‌లో ముంచి ఆరబెట్టారు. రెండు కిలోలకు కాస్త అటూఇటూ తూగుతాను.

అక్కణ్నుంచి కోఠి గుజరాతీ గల్లీకి చేరాను. ఎలక్ట్రానిక్స్ సామాను కోసం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో ఎప్పుడూ కిటకిటలాడే సందు అది. హన్మకొండ నుంచి ఒక పాలిటెక్నిక్ అమ్మాయి, రేడియో, టీవీ రిపేరు చేసే వాళ్ల చిన్నాయనతో కలిసి నేనున్న షాపుకు వచ్చింది. ఇంట్లో పాత డీవీడీ ప్లేయరు ఉందట. వెనకాల ఆరు ఆర్‌సీఏ సాకెట్లున్నాయట. వాటికి తగ్గ 5.1 ఆంప్లిఫయరు తన చేత్తో కట్టాలని ఆమె పట్టుదల. ముందు రెండు, మధ్యలో ఒకటి, వెనక రెండు, గుండెల్లో దిగే సబ్‌వూఫర్ ఒకటి: ఆరు ఛానళ్లకు ఆరు టీడీఏ2030ఏ ఐసీలు అప్పటికే ఆమె సంచిలో ఉన్నాయి.

"కాకా, ఆరు ఛానళ్లు కదా, ఆరు ట్రాన్స్‌ఫార్మర్లు కావాల్నా?"

"వద్దు బిడ్డా. ఒక్కటే చాలు. కాకపోతే దాని తాకత్ ఎంతో లెక్కగట్టి తీస్కోవాలె."

"ఇంట్ల పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ ఉంది కదా. దాంట్ల ప్లస్ 12, మైనస్ 12 రెండూ వస్తయి."

"మైనస్ 12 పక్కన ఎంత రాసి ఉంటదో చూసినవా? అర ఆంపియర్‌కు అటూఇటూ. ఆరు ఐసీలను అది మోస్తదా?"

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. పక్కనే, అంతే రేటింగ్ రాసి, చేతికి తేలిగ్గా తగిలిన ఇంకోదాన్ని పక్కకు పెట్టేశాడు. రాగి, ఇనుము తగ్గించి ఆంపియర్లు ఎక్కువ రాసేవాళ్లుంటారని ఆయన అనుభవం. కౌంటరు మీదే ఒక చీటీ తీసి లెక్క చెప్పాడు.

ఆ లెక్క ఇక్కడ రాస్తాను. కొత్తగా ఆంప్లిఫయరు కట్టేవాళ్లలో చాలామంది దాటేసేది దీన్నే. నేనిచ్చే 12 వోల్టులు ఏసీ. బ్రిడ్జి డయోడ్లలోంచి వెళ్లి కెపాసిటర్లలో నిండేసరికి అది 1.414 రెట్లవుతుంది. ఆ రెండు చుట్ల అదనం కలిసి, డయోడ్ నష్టం పోగా, లోడు లేనప్పుడు అటు ప్లస్ 17, ఇటు మైనస్ 17. రాత్రిపూట లైనులో 250 వోల్టులు వస్తే 18 దాటుతుంది. మామూలు టీడీఏ2030 ఓర్చుకునేది 18 వరకే. పేరు చివర 'ఏ' అనే అక్షరమున్నది 22 దాకా ఆగుతుంది. "ఇంకొంచెం సౌండు" కోసం 15–0–15 పెడితే రాత్రి 23 తాకి ఆ ఐసీకి కూడా ప్రాణం మీదికొస్తుంది. నా పేరు మధ్యలో ఉన్న సున్నా పనికిరానిదనుకోకండి. ధ్వని తరంగం పైకీ కిందికీ ఊగుతుంది. అది ఊగడానికి మధ్య నిలకడగా ఒక తావు ఉండాలి. ఆ తావు నా నడిమి తీగ.

ఇక శక్తి. 24 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే నేను 120 వీఏ. కెపాసిటర్లు నా నుంచి కరెంటును ఒక్కో అల శిఖరం దగ్గర మాత్రమే గబగబా గుంజుకుంటాయి. అందువల్ల డీసీగా నిలకడగా ఇవ్వగలిగేది మూడు ఆంపియర్లే, అంటే వంద వాట్ల లోపు. అందులో నలభై శాతం దాకా ఐసీల దగ్గర వేడిగా పోతుంది. స్పీకర్లకు మిగిలేది దాదాపు 60 వాట్లు. ఒక్కో ఐసీ 18 వాట్లు ఇవ్వగలదు కాబట్టి ఆరు కలిపితే 108 అనుకోవడం కాగితం మీది మాట. అయితే పాట ఎప్పుడూ ఒకే జోరున ఉండదు. డప్పు దెబ్బ పడినప్పుడు ఒక్క క్షణం ఎగసి, వెంటనే దిగుతుంది. ఆ ఒక్క క్షణానికి కెపాసిటర్లు మిద్దె మీది నీళ్ల ట్యాంకులా ఆదుకుంటాయి. నేను సెకనుకు వందసార్లు నింపుతాను. రెండు నింపుళ్ల మధ్య మూడు ఆంపియర్లు గుంజితే, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ దగ్గర ఆరు వోల్టులకు పైగా పడిపోతుంది. 10000 పెడితే మూడుకు మించదు. ఆమె 35 వోల్టుల 10000వి రెండు కొన్నది.

హన్మకొండలో పని మొదలైంది. లైను తీగలో ఒక ఆంపియర్ స్లో బ్లో ఫ్యూజు, తర్వాత స్విచ్చి, ఆ తర్వాత నేను. మూడు పిన్నుల తీగలోని ఎర్తు నేరుగా ఇనుప పెట్టెకు. నా లోపల ఇన్సులేషన్ ఏనాడైనా పాడైతే ఆ పచ్చ తీగే ముట్టుకున్న మనిషిని కాపాడుతుంది. దీని మీద చిన్నాయన రాజీపడలేదు. "సౌండు తర్వాత, పానం ముందు" అని స్క్రూ తానే బిగించాడు.

మొదటిసారి కరెంటు ఇచ్చింది సిరీస్ బోర్డు ద్వారా. దాంట్లో వంద వాట్ల పాత బల్బు. అంతా సరిగ్గా ఉంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారాలి. కెపాసిటర్లు నిండేటప్పటి మెరుపు అది. ఆ సాయంత్రం బల్బు వెలిగింది, వెలుగుతూనే ఉంది. అమ్మాయి వెంటనే స్విచ్చి ఆపింది. నాలో ఇనుము కాస్తంత కూడా వేడెక్కలేదు, ఒక్క ఐసీ కూడా పోలేదు. బల్బు లేకుండా ప్లగ్గు పెట్టి ఉంటే ఫ్యూజు టప్పుమనేది. ఆమె మల్టీమీటరు పట్టుకుని ఒక్కో ఐసీ వీపూ చూసుకుంటూ పోయింది. టీడీఏ2030ఏ వీపున ఉన్న లోహపు రేకు లోపల మైనస్ సప్లయికే కలిసి ఉంటుంది. దానికీ హీట్‌సింకుకూ మధ్య మైకా ముక్క ఉండాలి. నాలుగో ఐసీ దగ్గర మీటరు కూసింది. స్క్రూ విప్పి చూస్తే, మైకా పక్కకు జరిగి ఉంది. సరిచేసి, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేసి మళ్లీ బిగించింది. ఈసారి బల్బు మెరిసి ఆరింది. మీటరులో ప్లస్ 17, మైనస్ 17 సమానంగా నిలిచాయి.

పాట వచ్చింది గానీ, వెనకాల ఒక గుమ్మనే రొద. నేను ప్రీఆంప్ బోర్డు పక్కనే ఉన్నాను. నా అయస్కాంత క్షేత్రం ఆ సన్న తీగల్లోకి 50 హెర్ట్జ్ మోత నింపుతోంది. ఆమె నా మరలు వదులు చేసి, చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పింది. పావు వంతు తిరిగేసరికి మోత సగానికి పైగా తగ్గింది. నన్ను పెట్టె అవతలి మూలకు జరిపి, తిరిగిన తీరులోనే బిగించింది. మిగిలింది కెపాసిటర్ల ఛార్జింగ్ మోత. బోర్డుల గ్రౌండు తీగలన్నీ ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్తుంటే విప్పి, రెండు కెపాసిటర్లు కలిసే చోటు పక్కన ఒక్క బిందువుకు విడివిడిగా తెచ్చి టంకం పెట్టింది. రొద ఆగింది. డీవీడీలో వాన కురిసే సీను పెడితే, వెనక స్పీకర్లలో చినుకులు ఒక్కొక్కటీ విడిగా వినిపించాయి.

పెట్టె ముందు భాగాన ఏం రాయాలన్న మాట వచ్చింది. బజారులో దొరికే పెట్టెల మీద పీఎంపీఓ అనే పేరుతో వేల వాట్ల అంకెలుంటాయి. నాలాంటి ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల ఉన్నప్పుడు ఆ అంకెలకు అర్థం లేదు. లోపలికి రానిది బయటికి ఎలా పోతుంది? ఆమె స్టిక్కరు మీద "ఆరు ఛానళ్లూ కలిపి 60 వాట్లు" అని రాసి అంటించింది. ఇంత తక్కువా అని స్నేహితులు అడిగితే, వాల్యూం పెంచి వినిపించింది. ఆ గదికి అది నిండుగా సరిపోయింది.

తన చేత్తో మొదటి ఆంప్లిఫయరు కట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే. ఐసీ కొనే ముందు నన్ను లెక్కగట్టండి. ఎంత గదికి ఎంత సౌండు కావాలో, దానికి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లో ఒక చీటీ మీద రాసుకున్నాకే అంగడికి రండి. ఫ్యూజునూ ఎర్తునూ చివరి రోజుకు వాయిదా వేయకండి. ఉన్న శక్తిని ఉన్నట్టుగా ఒప్పుకుని కట్టిన పెట్టె ఏళ్ల తరబడి నిజాయితీగా పాడుతుంది. దాన్ని కట్టిన చేతులకు రెండో పెట్టె కట్టే ధైర్యం కూడా వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద సబ్‌వూఫర్‌కు విడిగా ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ లెక్క వేస్తోంది. ఈసారి చీటీ తనే రాస్తోంది, చిన్నాయన సరిచూస్తున్నాడు.